అమరికల పట్టిక



నేడు నేను ప్రసంగింపబూనిన విషయము వినుటకు కొంచెము క్రొత్తగా నుండవచ్చును. వాతావరణమును, సముద్రమును గూర్చి ముందుగా లెక్కగట్టి చెప్పు కంప్యూటరు ప్రోగ్రాములు కలవు. అవి పని మొదలిడుటకు పూర్వము మనము వానికి కొన్ని సంఖ్యలను, కొన్ని యాజ్ఞలను వ్రాసి యీయవలెను. ఆ వ్రాతనే అమరికల పట్టిక యందము. దానిని ఎట్లు వ్రాయవలెను, ఎట్లు భద్రపరుపవలెను, అందు లోపము వచ్చినచో ఏమగును అనునదియే నేటి విషయము.

"ఇది ఆ పని చేయువారికి సంబంధించినది గదా, మాకేల?" అని మీరడుగవచ్చును. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు పడవలను ఒడ్డు చేర్చుటయో, కోసిన పనలను కుప్పవేయుటయో మీరు నిర్ణయించుకొనుచున్నారు. ఆ హెచ్చరిక వెనుకనున్న లెక్కలో ఇట్టి పట్టిక యొకటి తప్పక యుండును. అదియునుగాక, పత్రము వ్రాయించుటలోను, చదివి వినిపించుటలోను, సాక్షి సంతకము చేయుటలోను మీకు గల యనుభవము ఈ విషయమును గ్రహించుటకు మిక్కిలి తోడ్పడును. పట్టికకును పత్రమునకును గల పోలిక మీకే తోచగలదు.

మొదట ఆ లెక్క యెట్టిదో చూతము. రేపటి వాతావరణమును లెక్కగట్టవలెనన్న నేటి వాతావరణము తెలియవలెను. నేటి వాతావరణము పూర్తిగా నెవ్వరికిని తెలియదు. ఒకచోట థర్మామీటరు కలదు. ఎంతో దూరమున మఱియొకటి కలదు. నడుమ నేమియు లేదు. సముద్రముపై పరిశీలనలు ఇంకను తక్కువ. అయితే నిన్న మనము నేటిని గూర్చి కట్టిన లెక్క యొకటి చేతిలో నున్నది. అది దేశమంతటను వ్యాపించియున్నది గాని, కొంత తప్పుతో గూడియుండును. ఈ రెండింటిని కలిపి, నేటి స్థితిని సాధ్యమైనంత నిజముగా రాబట్టుటకు డేటా అసిమిలేషను అని పేరు. తెలుగున పరిశీలనల సమన్వయమనవచ్చును.

ఒక యుదాహరణము చెప్పెదను. ఒక గ్రామమున నేటి మధ్యాహ్నపు వేడిమి 30 డిగ్రీలని నిన్నటి లెక్క చెప్పుచున్నదనుకొందము. ఆ లెక్క సామాన్యముగా 2 డిగ్రీలు అటునిటు తప్పునని పూర్వానుభవము. అచ్చటి థర్మామీటరు 34 చూపినది. అది సామాన్యముగా 1 డిగ్రీ మాత్రమే తప్పును. ఈ యిద్దరు సాక్షులలో ఎవరిని నమ్మవలెను? ఒకరిని నమ్మి రెండవవారిని పంపివేయుట న్యాయము కాదు. తప్పుల వర్గములనుబట్టి తూచినచో థర్మామీటరునకు అయిదింట నాలుగు పాళ్లు, నిన్నటి లెక్కకు అయిదింట నొక పాలు వచ్చును. ఫలితము 33.2 డిగ్రీలు. ఇప్పుడు పట్టికలో ఎవరో థర్మామీటరు తప్పు 1 అనుటకు బదులు 2 అని వ్రాసిరనుకొనుడు. అప్పుడు ఇద్దరికిని సమానపు పాలు వచ్చి ఫలితము 32 అగును. ఎండ మారలేదు, పరికరము మారలేదు. పట్టికలోని యంకె యొకటి మారినది.

ఆరంభస్థితి సరిగా నుండుట ఎంత ముఖ్యమో ఒక పూర్వకథ తెలుపును. లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ అను ఆంగ్లశాస్త్రజ్ఞుడు వాతావరణమును సమీకరణములతో లెక్కగట్టవచ్చునని 1922లో నొక గ్రంథము ప్రకటించెను. అందు 1910 మే 20వ తేదీనాటి పరిశీలనలను దీసికొని, చేతితో లెక్కగట్టి చూపెను. ఆరు గంటలలో పీడనము 145 మిల్లీబారులు పెరుగునని ఫలితము వచ్చెను. నిజమునకు ఆనాడు పీడనము ఇంచుమించు మారనేలేదు. సమీకరణములలో దోషము లేదు. ఆరంభమున గైకొన్న గాలుల విలువలకును పీడనపు విలువలకును పొంతన కుదరలేదు. ఆ విలువలను సరిచేసి లెక్కించినచో నమ్మదగిన ఫలితమే వచ్చునని పీటర్ లించ్ అను ఐర్లండు శాస్త్రజ్ఞుడు అనేక సంవత్సరములకు పిమ్మట చూపెను. తెలివిగల లెక్కయు ఆరంభము చెడినచో చెడునని దీనివలన తెలియుచున్నది.

నిన్నటి లెక్క ఎంత తప్పునో ముందుగా తెలియుటెట్లని మీరడుగుదురు. దానికొక యుపాయము కలదు. ఒక్క లెక్కకు బదులుగా, ఆరంభమున కొంచెము కొంచెము భేదముతో అనేకములైన లెక్కలను నడపుదురు. అవి యన్నియు దగ్గరగా నున్నచో నమ్మకము హెచ్చు, చెదరిపోయినచో తక్కువ. రుడాల్ఫ్ కాల్మన్ 1960లో ప్రకటించిన పద్ధతిని నార్వే దేశపు గైర్ ఎవెన్‌సెన్ 1994లో ఈ రీతిగా విస్తరించెను. దీనిని సమూహపు కాల్మన్ ఫిల్టరు అందురు. సమూహములోని ఒక్కొక్క లెక్క ఒక్కొక్క సభ్యుడు.

ఇక భాషను గూర్చి. ఇట్టి ప్రోగ్రాములు పెక్కు ఫోర్ట్రాను అను కంప్యూటరు భాషలో వ్రాయబడినవి. ఐ.బి.ఎమ్. సంస్థలో జాన్ బేకస్ నాయకత్వమున నొక బృందము దానిని నిర్మించి 1957లో వెలువరించెను. గణితసూత్రములను యంత్రమునకు తెలియు మాటలలోనికి మార్చునది యని దాని పేరునకు అర్థము. ఎన్నో భాషలు తరువాత వచ్చినను, వాతావరణపు లెక్కలలో ఫోర్ట్రాను నేటికిని వాడుకలో నున్నది.

ప్రోగ్రామును ఒకసారి యంత్రభాషలోనికి మార్చిన పిమ్మట, ఒక్క సంఖ్య మార్చవలసినప్పుడెల్ల దానిని విప్పి మరల మార్చుట శ్రమ. అందుచేత మాటిమాటికి మారు సంఖ్యలను వేరొక చిన్న కాగితమున వ్రాసినట్లు వేరొక ఫైలులో వ్రాసి, ప్రోగ్రాము మొదలగునప్పుడు చదువుకొమ్మందురు. ఫోర్ట్రానులో ఇందులకు నేమ్‌లిస్టు అను నేర్పాటు కలదు. అనగా పేళ్ల పట్టిక. ఐ.బి.ఎమ్. వారి ఫోర్ట్రానులో 1960 ప్రాంతపు దశకమున వాడుకలోనికి వచ్చిన యీ నేర్పాటు, 1991లో ప్రకటితమైన ఫోర్ట్రాను 90 ప్రమాణమున స్థానము పొందెను.

దాని రూపము చాల తేలిక. మొదటి పంక్తిలో 'అండ్' అని చదువు గుర్తు నుంచి, వెంటనే విభాగపు పేరు వ్రాయుదురు. క్రింది పంక్తులలో ఒక్కొక్క అమరిక పేరు, సమానమను గుర్తు, దాని విలువ. విభాగము ముగియుచోట ఏటవాలు గీత యొకటి గీయుదురు. అంతే. చదువను వ్రాయను వచ్చిన వారెవరైనను దీనిని చూచి గ్రహింపగలరు. ఈ సులభత్వమే దీనికి గుణము. కొన్ని సమయములందు దోషమును నిదియే.

ఏలయన, పట్టికలో మీరు వ్రాయని పేరునకు కూడ విలువ యుండును. ప్రోగ్రామును వ్రాసినవాడు ప్రతి యమరికకును తనకు తోచిన విలువ నొకదానిని ముందుగానే లోపల నుంచును. మీరు వ్రాసినచో మీది చెల్లును. వ్రాయకున్నచో వానిది చెల్లును. సమానమను గుర్తు వ్రాసి విలువను ఖాళీగా విడిచినను అట్లే; ఖాళీ యనగా సున్న కాదు, లోపలనున్న పాతవిలువయే. ప్రోనోటులో వడ్డీరేటు వ్రాయక ఖాళీ విడిచి సంతకము చేసిన వానిగతి యెట్టిదో మీకు తెలియును. ఇచ్చట ఖాళీని నింపువాడు మోసగాడు కాడు, మంచివాడే. కాని అతడు ఎన్నడో, ఎచ్చటనో, మఱియొక పనిని మనస్సునందుంచుకొని ఆ విలువను నిర్ణయించినవాడు. మీ సముద్రమును, మీ ప్రదేశమును అతడెరుగడు.

నేను చెప్పునది విడిగా నర్థమగుటకు ఒక ప్రసిద్ధమైన ప్రోగ్రామును దీసికొందము. అమెరికాలోని కొలరాడో రాష్ట్రమున బౌల్డరు పట్టణమందు, 1960లో స్థాపింపబడిన జాతీయ వాతావరణ పరిశోధన కేంద్రమున డార్ట్ అను ప్రోగ్రాముల సముదాయము తయారైనది. జెఫ్రీ ఆండర్సన్ మొదలగువారు దీనిని గూర్చి 2009లో నొక వ్యాసము ప్రకటించిరి. ఎవరైనను ఉచితముగా దీనిని దెచ్చుకొని తమ నమూనాతో జతపరచుకొనవచ్చును. ఇది ఫోర్ట్రానులో వ్రాయబడినది. దీని యమరికలన్నియు 'ఇన్‌పుట్ డాట్ ఎన్ ఎమ్ ఎల్' అను నొకే ఫైలులో, విభాగములు విభాగములుగా నుండును. వానిలో నాలుగింటిని మాత్రము చెప్పెదను.

మొదటిది సమూహపు సంఖ్య. ఎందరు సభ్యులను నడపవలెనని యిచ్చట వ్రాయుదురు. వ్రాయకున్నచో లోపలి విలువ 20. ఇరువదిమంది చాలుదురా చాలరా యనునది నమూనానుబట్టి యుండును. సభ్యులు తక్కువైనచో, ఒకదానికొకటి యేమాత్రము సంబంధము లేని రెండు ప్రదేశముల నడుమ కూడ సంబంధమున్నట్లు లెక్కలో కనబడును. ఇరువదిమందితో చూచినప్పుడు, నిజముగా సున్న కావలసిన సంబంధము సామాన్యముగా 0.2 మేరకు అటో యిటో పొరపాటుగా తేలును. కాశీలో వాన కురిసినదని విని కన్యాకుమారిలోని వేడిమిని సవరించినట్లగును.

ఈ దోషమును అణచుటకే రెండవ యమరిక. దానిపేరు కటాఫ్, అనగా హద్దు. ఒక పరిశీలన తన చుట్టును ఎంత దూరమువరకు ప్రభావము చూపవచ్చునో ఇది నిర్ణయించును. లోపలి విలువ 0.2. ఇది మైళ్లు కాదు, కిలోమీటర్లు కాదు, డిగ్రీలును కాదు. రేడియను అను కోణపు కొలత. భూగోళముపై 0.2 రేడియనులనగా సుమారు 1,274 కిలోమీటర్లు. అదియు పూర్తి హద్దు కాదు, సగము హద్దు. ప్రభావము పూర్తిగా సున్నయగుట దానికి రెట్టింపు దూరమున, అనగా సుమారు 2,548 కిలోమీటర్ల వద్ద. ఈ సంగతి యెరుగని వాడొకడు పది డిగ్రీల హద్దు పెట్టవలెనని తలచి 10 అని వ్రాసెననుకొనుడు. పది డిగ్రీలకు సరియైన విలువ 0.17 రేడియనులు. భూమిపై నే రెండు చోట్ల నడుమనైనను 3.14 రేడియనులకు మించిన దూరము లేదు. కాబట్టి 10 అని వ్రాసినచో హద్దే లేకుండపోవును. ప్రోగ్రాము ఆగదు, ఏలయన 10 యనునది చెల్లుబాటగు సంఖ్యయే. పేరు సరియైనది, రూపము సరియైనది, అర్థము మాత్రము తప్పు.

మూడవది విపరీతపు పరిశీలనలను త్రోసివేయు హద్దు. పరిశీలనకును సమూహపు సగటునకును గల భేదము, ఆశింపదగిన చెదురునకు ఇన్ని రెట్లు మించినచో ఆ పరిశీలనను నమ్మకుమని చెప్పుట. దీనిని సామాన్యముగా 3 అని వ్రాయుదురు. అయితే లోపలి విలువ ఋణసంఖ్య. ఋణసంఖ్యకు ఈ పరీక్షయే వలదని యర్థము. పరికరము చెడిపోయి అసంభవమైన యంకెను పంపినను, ఈ పంక్తిని వ్రాయని పట్టిక దానిని ఇచ్చట ఆపదు. "ఇంత పెద్ద ప్రోగ్రాము, చెడు పరిశీలనలను తానే త్రోసివేయదా?" అని క్రొత్తవారు భ్రమపడుట సహజము. అది చేయగలదు, చేయుమని మనము చెప్పవలెను.

నాలుగవది ఏయే రకముల పరిశీలనలను స్వీకరింపవలెనో తెలుపు జాబితా. ఇందులో పేరులేని రకమును ప్రోగ్రాము చదువును గాని వాడదు. వాడలేదని దాచిపెట్టదు, ఫలితముల ఫైలులో ఒక్కొక్క పరిశీలన ప్రక్కన నొక సంకేతాంకము వ్రాయును. సున్న యనగా స్వీకరింపబడినది. ఏడు అనగా విపరీతమని త్రోసివేయబడినది. అయిదు అనగా పట్టికయాజ్ఞ చొప్పున స్వీకరింపబడలేదు. ఈ అయిదు అను నంకెను గూర్చి నా యనుభవము నొకదానిని మీకు నివేదింపవలసియున్నది.

చాల సంవత్సరముల క్రిందట నేనొక కార్యాలయమున ఇట్టి పనిలో నుంటిని. సముద్రమున లంగరు వేసిన బోయాలు, అనగా తేలుడు పరికరములు, పంపిన కొలతలను లెక్కలో చేర్చినచో ప్రయోజనమున్నదా లేదా యని పరీక్షించుట నా వంతు. ఆ కొలతలను ప్రోగుచేసి, చెడువానిని ఏరివేసి, వరుసపెట్టినవాడు నాకంటె చిన్నవాడైన యొక మిత్రుడు. ఎనిమిది మాసములు అతడు దానిపైనే పనిచేసెను. నేను ఆ కొలతలు లేకుండ ఒకసారియు, చేర్చి మఱియొకసారియు లెక్క నడిపితిని. రెండు పటములును ఒక్కటిగానే వచ్చినవి. "ఈ కొలతలవలన ప్రయోజనము కానరాలేదు" అని నివేదిక వ్రాసి సంతకము చేసితిని. ఆ మిత్రుని పనిని నిలుపుటకు పైవారు ఆలోచింపసాగిరి. అతడు నాతో నొక్క మాటయు అనలేదు.

కొన్ని దినముల తరువాత, ఆ కార్యాలయముననే చాలకాలము పనిచేసిన పెద్ద యొకాయన నా నివేదికను చదివి, "రెండు ఫలితములకు భేదమెంత?" అని యడిగెను. "ఏమియు లేదండి" అంటిని. "కొంచెము కూడనా?" అనెను. చివరి అంకెవరకు నొక్కటే యని చెప్పితిని. ఆయన కాగితములు బల్లపై నుంచి, "నాయనా, పనికిరాని సాక్ష్యము విన్నను తీర్పులో ఒకింత కదలిక యుండును. ఏ కదలికయు లేదన్నచో సాక్షిని లోపలికి పిలువనేలేదన్నమాట" అనెను. వెంటనే ఫలితముల ఫైలు తెఱచి చూచితిమి. ప్రతి బోయా కొలత ప్రక్కనను అయిదు! నేను పట్టికను మఱియొక పాతపరీక్షనుండి నకలు తీసికొంటిని. ఆ పరీక్షలో బోయాలు లేవు. జాబితాలో వాని పేరును లేదు. నేను చూచుకొనలేదు. ప్రోగ్రాము తన వంతు నిజమును వేలకొలది పర్యాయములు వ్రాసిపెట్టినది, నేను చదువలేదు.

జాబితాలో పేరు చేర్చి మరల నడపగా ఫలితము మారెను. నివేదికను ఉపసంహరించుకొని మఱియొకటి వ్రాసితిని. పిమ్మట ఆ మిత్రునియొద్దకు పోయి, తప్పు నాదని చెప్పితిని. అతడు చాలసేపు మాటాడక, "నా కొలతలలోనే ఏదో దోషమున్నదని రాత్రులు మరల మరల లెక్కచూచుకొంటినండి" అనెను. ఆ మాట నాకు నేటికిని మఱపునకు రాదు. పట్టికలో పంక్తి యొకటి లేకుండుటవలన నిజాయితీగల మనుష్యుడు తన్ను తాను శంకించుకొనెను. నేటి ప్రసంగమునకు ఇదియే మూలము.

ఇట్టి పొరపాట్లు మూడు తెగలు. పేరును తప్పుగా వ్రాసినచో, ఆ విభాగములో అట్టి పేరు లేదని ఫోర్ట్రాను దోషమును పట్టును. డార్ట్ వెంటనే ఆగి ఆ పంక్తిని చూపును. ఇది మేలైన పొరపాటు, అప్పుడే బయటపడును. పంక్తిని వ్రాయకుండుట రెండవది. లోపలివిలువ మౌనముగా అమలుజరుగును. సరియైన పేరునకు సరికాని విలువ వ్రాయుట మూడవది. ఆ విలువ మౌనముగా అమలుజరుగును. విభాగపు పేరే తప్పైనప్పుడు కొన్ని ప్రోగ్రాములు, చదువుట విఫలమైన సంగతిని పరీక్షింపక, విభాగమంతటికిని లోపలి విలువలతోనే సాగిపోవును. ఒకే విభాగమును ఫైలులో రెండుమార్లు వ్రాసినచో సామాన్యముగా మొదటిదియే చదువబడును. ఒకే విభాగములో ఒకే పేరును రెండుమార్లు వ్రాసినచో చివరిది నిలుచును. ఈ భేదము నెరుగక, క్రింద నేదో చేర్చి మారినదనుకొనువారు కలరు.

అయినచో నేమి చేయవలెను? మొదటిది: ఫలితమును మార్చగల ప్రతి యమరికను, లోపలివిలువయే సమ్మతమైనను, పట్టికలో స్పష్టముగా వ్రాయవలెను. "నేనిది చూచితిని, ఒప్పుకొంటిని" అని చెప్పుట యదియే. రెండవది: ప్రతి విలువ ప్రక్కను దాని కొలమానమును, ఏల ఆ విలువ నెంచుకొంటిమో యొక మాటను వ్రాయవలెను. నేమ్‌లిస్టులో ఆశ్చర్యార్థకపు గుర్తు తరువాత వ్రాసినది వ్యాఖ్యగా నుండును. యంత్రము దానిని విడిచివేయును, మనుష్యుడు చదువుకొనును. ఏటవాలు గీతను మఱవక ముగింపవలెనని వేరుగా చెప్పనక్కరలేదు.

మూడవది: మనము వ్రాసిన పట్టికను గాక, ప్రోగ్రాము నిజముగా వాడిన పట్టికను చదువవలెను. డార్ట్ తాను వాడిన విలువలన్నింటిని, మనము వ్రాయని వానితోసహా, 'డార్ట్ లాగ్ డాట్ ఎన్ ఎమ్ ఎల్' అను ఫైలులో వ్రాసిపెట్టును. పత్రము రిజిస్టరైన పిమ్మట దాని నకలు తెచ్చుకొని చదివినట్లు, దీనిని ప్రతిమారు చదివి ఫలితములతోబాటు భద్రపరుపవలెను. పట్టిక లేని ఫలితము, తేదీ లేని ఉత్తరమువంటిది.

నాలుగవది: విలువలు ఎన్నిచోట్ల వ్రాయబడుచున్నవో తెలిసికొనవలెను. జర్మనీలోని ఆల్ఫ్రెడ్ వెగెనర్ సంస్థలో పుట్టిన పి.డి.ఏ.ఎఫ్. అను ఫోర్ట్రాను సాధనమును ఉదాహరణముగా గైకొనుడు. దాని మాదిరి ప్రోగ్రాములలో విలువ మొదట మూలప్రతిలో నుండును. ప్రోగ్రామును పిలుచునప్పుడు ఆజ్ఞాపంక్తిలో మఱియొక విలువ నీయవచ్చును. అప్పుడు తరువాతిదే చెల్లును. డార్ట్‌లోను ఇట్టి మెట్టు కలదు. ఏయే రకముల పరిశీలనలు దానికి తెలియవలెనో ప్రోగ్రామును తయారుచేయునప్పుడే నిర్ణయమగును. తరువాత పట్టికలో ఆ విభాగమును దిద్దినను, ప్రోగ్రామును మరల తయారుచేయనిదే ఫలము లేదు. వీలునామాలు రెండున్నప్పుడు ఏది కడపటిదో చూచినట్లు, ఇచ్చటను ఏది కడపటి మాటయో చూడవలెను.

అయిదవది: ఒక్కసారి ఒక్క యమరికనే మార్చవలెను. రెండింటిని కలిపి మార్చినచో, మంచి దేనివలన వచ్చినదో చెడు దేనివలన వచ్చినదో తెలియదు. ఎవరు, ఎప్పుడు, ఏ పంక్తిని, ఏల మార్చిరో చిట్టావలె వ్రాసియుంచుటకు 2005లో పుట్టిన గిట్ అను సాధనము కలదు. ప్రోగ్రాములకే కాక పట్టికలకును దానిని వాడవలెను. పెద్దపనికి పూనుకొను ముందు పట్టికను రెండవ మనుష్యుడొకడు చదువవలెను. వ్రాసినవానికి తాను వ్రాయదలచినది కనబడును; చదువువానికి వ్రాసినది మాత్రమే కనబడును.

ఆరవది: పెద్ద నమూనాపై ప్రయోగించుటకు ముందు చిన్నదానిపై పరీక్షింపవలెను. ఎడ్వర్డ్ లోరెంజ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు 1961లో నొక లెక్కను నడుమనుండి మరల నడపుచు, 0.506127 అనుటకు బదులు 0.506 అని యిచ్చెను. కొంతసేపటికి ఫలితములు రెండును ఒకదానితో నొకటి పోలికలేనంత దూరము పోయినవి. ఆ యాశ్చర్యమునుండి పుట్టిన ఆలోచనలతో ఆయన 1963లో మూడే మూడు రాశులు గల చిన్న నమూనాను ప్రకటించెను. ఆ నమూనాయే డార్ట్‌తో మాదిరిగా వచ్చును. ముందుగా 'నిజము' నొకదానిని మనమే తయారుచేసి, దానినుండి కొంచెము చెదరిన పరిశీలనలను పుట్టించి, ఫిల్టరునకు పరిశీలనలను మాత్రమే చూపుదుము. అది నిజమునకు ఎంత దగ్గరకు వచ్చినదో సరిచూడవచ్చును. తాను ఒప్పుకొను చెదురును, నిజముగా చేసిన తప్పును ఇంచుమించు సమానముగా నుండవలెను. తప్పు హెచ్చుగా నుండి చెదురు తక్కువగా నున్నచో, ఆ ఫిల్టరు తన్ను తాను మితిమీరి నమ్ముచున్నదని యర్థము. అయితే యొక హెచ్చరిక: ఈ చిన్న నమూనాలో దూరమును భూగోళముపై కాక, చుట్టుకొలత 1 గా గల వలయముపై కొలుతురు. ఇచ్చటి 0.2 కును భూగోళపు 0.2 కును సంబంధము లేదు. చిన్నదానిలో నేర్చిన పద్ధతిని పెద్దదానికి దీసికొనిపోవచ్చును, అంకెను దీసికొనిపోరాదు.

ఇటీవల తయారైన కొన్ని సాధనములు నేమ్‌లిస్టును విడిచి యామల్ అను మఱియొక వ్రాతపద్ధతిని అవలంబించినవి. అమెరికాలో నిర్మింపబడిన జెడై యనునది అట్టిది. వ్రాతపద్ధతి మారినను మన ప్రశ్న మారదు: వ్రాయనిచోట ఎవరి మాట చెల్లుచున్నది? మన హైదరాబాదునందును, 1999లో స్థాపితమైన సముద్రసమాచార కేంద్రమున, హిందూమహాసముద్రపు కొలతలను నమూనాతో సమన్వయపరచు పని జరిగినది. అందు వాడిన రోమ్స్ అను సముద్రనమూనాయు ఫోర్ట్రానులో వ్రాయబడినదే. కాబట్టి నేను చెప్పినది బౌల్డరుకే చెందిన ముచ్చట కాదు.

పెద్దలారా, మీ యిండ్లలోని పిల్లలు కొందరు ఇట్టి పనులలో ప్రవేశించియుందురు, ప్రవేశింపబోవుచుందురు. వారు సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు వారిని ఒక్క ప్రశ్న యడుగుడు. "నాయనా, నీవు నడుపు లెక్కలో నీవు వ్రాయని విలువ లేవి? అవి యెంతెంత?" అని. ఫోర్ట్రాను మీకు రానక్కరలేదు. ఖాళీ విడిచిన కాగితముపై సంతకము చేయరాదని వారికి మొదట నేర్పినవారు మీరే గదా. వారు తడుముకొనినచో కోపింపకుడు. నేనును ఒకప్పుడు తడుముకొన్నవాడనే. పోయి చూచి వచ్చి చెప్పుమనుడు. ఆ చూచుటలోనే సగము దోషములు తీరును.